డ్యూటీ చీర

మండీ ముందు పదకొండు ట్రాక్టర్ల తోతాపురి మామిడి ఎండలో నిలబడి ఉంది. గుజ్జు ఫ్యాక్టరీ నుంచి బండ్లను లోపలికి వదిలే టోకెన్లు రాలేదు. పొద్దున కిలో ఆరు రూపాయలు పలికిన కాయ మధ్యాహ్నానికి నాలుగున్నరకు దిగింది. రైతులు చుట్టూ మూగి మండీ ఓనరు రాజారత్నం మీద అరుస్తుంటే, ఫోటో స్టూడియో మునికుమార్ గుంపులోంచి దూరి వచ్చి, పేపరు చుట్టిన ఫ్రేమును బల్లమీద పెట్టాడు.

"సూడన్నా. సీర రంగు మార్చేదానికే మున్నూరు రూపాయలైంది. టోపీకి నీకాడ ఏమీ తీసుకోలేదులే."

ఫ్రేములో రాజారత్నం అమ్మ. ఒంటిమీది నీలం చీర తెల్లబడింది. తలమీద నర్సు టోపీ ఉంది. నవ్వు మాత్రం అమ్మదే. కింద 'ప్రభువునందు నిద్రించిన శ్రీమతి గ్రేసీ, స్టాఫ్ నర్సు' అని బంగారు రంగు అక్షరాలు.

"టోపీ రవ్వంత పెద్దదైనట్టుండాదే?"

"నెట్‌లో దొరికిందే అదన్నా. ఎవురొచ్చి కొలుస్తారు?"

అమ్మ పోయి ఏడాది. సాయంత్రం నాలుగింటికి ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. ఫ్యాక్టరీలో కాయ కొనే సుబ్రమణ్యం వస్తానన్నాడు. ఆయన తలూపితే పదకొండు బండ్లూ రేపు తెల్లారేసరికి గేటు దాటుతాయి. లేదంటే కాయంతా రోడ్డు పక్కన పారబోయాల్సిందే. సుబ్రమణ్యం దృష్టిలో ఎనిమిదేళ్ళుగా రాజారత్నం నర్సమ్మ కొడుకు. నర్సంటే ఏ కులమని అడగడు. ఆయా అంటే అడగాల్సిన పనే ఉండదు, తనే లెక్క కట్టుకుంటాడు. ఎవరితో వ్యాపారం చేయొచ్చో, ఎవరింట కాఫీ తాగొచ్చో ఆయనకు వేరువేరు లెక్కలున్నాయని మండీలో అందరికీ తెలుసు.

అమ్మ నర్సు అనే ఆ అబద్ధం ఒక మధ్యాహ్నం పుట్టింది. మండీ పెట్టిన కొత్తలో, ఇలాగే కాయ దిగుతున్న రోజు, సుబ్రమణ్యం మొదటిసారి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అదే సమయానికి ప్రసూతి వార్డులో పొద్దుటి డ్యూటీ దిగి, నీలం చీరలోనే, ఇంటి నుంచి క్యారియర్ పట్టుకుని అమ్మ వచ్చింది. చీర అంచున ఇంకా తడి ఆరలేదు. ఫినాయిలు వాసన వేస్తోంది.

"ఎవురప్పా ఈమె?" అన్నాడు సుబ్రమణ్యం, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని.

"ఆస్పత్రి ఆయా సార్. మా యమ్మ ఆడ నర్సు. ఆమె కింద పనిచేస్తాది."

నోరు దాటాక గానీ ఏమన్నాడో రాజారత్నానికి తెలియలేదు. అమ్మ క్యారియర్ బల్లమీద పెట్టి, చేతులు కట్టుకుని, "అమ్మ పంపించిందయ్యా. సల్లారకముందే తినండయ్యా" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

కొడుకును అయ్యా అని పిలిచింది. బిడ్డను చూపించి ఎవరి దగ్గరా పది రూపాయలు తీసుకోని మనిషి, పుట్టిన ప్రతి బిడ్డ పొట్టమీద చెయ్యి పెట్టి గుట్టుగా ప్రార్థన చేసే మనిషి, వాడి కోసం అబద్ధమాడింది. ఆ ఆదివారం చర్చిలో ఆమె పక్కనే మోకాళ్ళ మీద ఉన్నప్పుడు రాజారత్నానికి ఆమె గొణుగుడు వినిపించింది. "ఆడిన అబద్ధం నాదే ప్రభువా. వాని మీద వెయ్యొద్దు." అతను వినపడనట్టు పాటల పుస్తకంలో పేజీలు తిప్పాడు.

తర్వాత అమ్మ ఎప్పుడూ తెల్ల చీరలోనే ఇంటికి వచ్చేది. ఆమే అర్థం చేసుకుంది, మాటా పలుకూ లేకుండా బేరం కుదిరింది అనుకుని అతను ఊపిరి పీల్చుకున్నాడు.

ఇవాళ మూడున్నరకు రాజారత్నం ఫ్రేము తీసుకుని ఇల్లు చేరేసరికి వాకిట్లో షామియానా కింద పాస్టరయ్య, చర్చి మనుషులు కూర్చుని ఉన్నారు. ఫ్రేముకు పూలదండ వేశారు. గేటు దగ్గర నలుగురు ఆస్పత్రి ఆయాలు ఆటో దిగారు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, నీలం చీరలు. ముందున్న కుప్పమ్మ, అమ్మతో పాటు ఒకేరోజు కాంట్రాక్టులో చేరింది. అప్పట్లో నెలకు పద్దెనిమిది వందలు.

కుప్పమ్మ ఫోటో ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏమే గ్రేసీ! పందొమ్మిదేండ్లు నెత్తురు గుడ్డలు ఉతికినప్పుడు రాని ప్రమోషను, సచ్చినాక వచ్చిందా నీకి? మా ఆస్పత్రిలో నర్సమ్మలకే ఈ టోపీ లేదు గదప్పా, యాడ తెచ్చినారు దీన్ని?"

మిగిలిన ముగ్గురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. రాజారత్నం ఆమెను పక్కకు తీసుకుపోయాడు.

"కుప్పత్తా, ఫ్యాక్టరీ ఆయన వస్తాడు. ఆయనకి…"

"తెల్సులే నాయనా. మీ యమ్మ సెప్పింది." కుప్పమ్మ గొంతులో కోపం లేదు. "నా నీలం సీర వాని యాపారానికి అడ్డం కుప్పా, అనింది. ఆ పొద్దుకాడ్నుంచి డ్యూటీ సీరతో ఆస్పత్రి గేటు దాటలేదు. డ్యూటీ దిగినాక బాత్రూములో సీర మార్సుకునేది. దానికి గడియ లేదు, కింద ఎప్పుడూ నీళ్ళే. సీర తడవకుండా పంటితో పట్టుకునేది. నేను తలుపుకి అడ్డంగా నిలబడేదాన్ని. ఏడేండ్లు నిలబడినా."

చేతిలోని సంచి అతనికి ఇచ్చింది. "ఆమె పెట్టెలో ఉండిపోయింది. ఉతికి తెచ్చినా. మాకు ఎవురికీ కట్టుకోను మనసు రాలేదు."

సంచిలో నీలం చీర నాలుగు మడతలుగా ఉంది. అంచున ఎర్రదారంతో 'గ్రేసీ ఆయా' అని కుట్టి ఉంది.

భార్య మోహన వచ్చి ఆయాలను చివరి వరసలో కూర్చోబెట్టి, "ఆ సంచి ఇట్ల ఇయ్యి, లోపల పెడతా" అంది. రాజారత్నం ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళుగా తను సంపాదించింది మండీ, ఇల్లు, పరువు అనుకున్నాడు. ఇప్పుడు కళ్ళముందు గడియ లేని తలుపు ఒక్కటే కనిపిస్తోంది.

సుబ్రమణ్యం వచ్చాడు. ముందు వరసలో కుర్చీ వేశారు. మోహన కాఫీ తెచ్చిచ్చింది. పాస్టరయ్య ప్రార్థన ముగించి, "అమ్మగారిని గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పొచ్చు" అన్నాడు.

సుబ్రమణ్యం ఫోటో వైపు చూసి, రాజారత్నం వైపు వంగాడు. "మొహంలోనే నర్సమ్మ కళ ఉండాదప్పా. టోకెన్ల సంగతి పోయేటప్పుడు మాట్లాడుకుందాం." వెనక్కి తిరిగి చూశాడు. "ఆ నీలం సీరలోళ్ళు, అమ్మ కింద పనిచేసినోళ్ళా?"

రాజారత్నం ఒళ్ళోని సంచి వైపు చూశాడు. అది చూసి వెనక నుంచి కుప్పమ్మే లేచి, చేతులు కట్టుకుంది.

"అవును సార్. అమ్మ కిందే…"

"వద్దత్తా!"

అరుపులాగా వచ్చింది. పాస్టరయ్య తలెత్తాడు. రాజారత్నం లేచాడు. ఎవరి మొహమూ చూడలేక నేల చూస్తూ ఫోటో దగ్గరికి నడిచాడు. సంచిలోంచి చీర తీసి మడతలు విప్పి, ఫ్రేము మీద కప్పాడు. టోపీ మునిగిపోయింది, తెల్ల చీర మునిగిపోయింది. కళ్ళూ నవ్వూ కనబడేట్టు అంచు కొంచెం సర్దాడు. ఎర్రదారం అక్షరాలు జనం వైపు వచ్చాయి.

"మా యమ్మ వీళ్ళతోనే పనిచేసింది సార్. మీరు మొదట మండీకి వచ్చిన పొద్దు క్యారియర్ తెచ్చి పెట్టిందే ఆ ఆయా, ఆమే మా యమ్మ."

కుప్పమ్మ కట్టుకున్న చేతులు మెల్లగా విప్పింది. జేబులో ఫోను మోగింది, మండీ నుంచి. టోకెన్ల కోసమే అయ్యుంటుంది. రాజారత్నం తీయలేదు.

సుబ్రమణ్యం చేతిలో కాఫీ గ్లాసు పెదవులకు జానెడు దూరంలో ఆగింది. ఆయన తాగలేదు, కింద పెట్టలేదు. గ్లాసులో మీగడ కడుతోంది.