నియాజ్ గెలిచిన ఆట

సరయేవో నడిబొడ్డున ఉన్న ఆ చౌక్‌లో చదరంగం ఆడేది ఇద్దరైతే, ఆడించేది చుట్టూ మూగిన జనం. నేల మీద పరిచిన గళ్లలో మోకాలెత్తు పావులను రెండు చేతులా ఎత్తి పెడుతుంటే, ముసలివాళ్లు సిగరెట్లు పీలుస్తూ నోటికొచ్చినట్టు తిడతారు. తప్పుడు ఎత్తు వేసినవాడి పని అయిపోయినట్టే. వాడి చదువు, వాడి పెళ్లి, వాడి మీసం, దేన్నీ వదలరు. ఆ తిట్లలో సగం నియాజ్ సొంతంగా తయారుచేసినవే. ఈ ఊళ్లో ఇంతకంటే మొహమాటం లేని న్యాయస్థానం లేదని ఆయన నమ్మకం.

అందుకే ఆ ఉదయం కూతురు మెలిహా డాక్టరు దగ్గరికి పోదామంటే ఆయన మొండికేశాడు. కాఫీ గిన్నె పొయ్యి మీద మాడి బొగ్గయిన మాట నిజమే. ట్రాములో చివరిదాకా వెళ్లి, ఇల్లు ఎటో తెలియక కూర్చుండిపోయిన మాటా నిజమే. ముసలితనంలో ఆ మాత్రం ఎవరికి జరగదు?

“నా బుర్ర చెడిందో లేదో చెప్పడానికి డాక్టరెవడే? చౌక్‌కి రా, అక్కడే తేలిపోతుంది. నేను తిక్క ఎత్తు వేస్తే ఆ స్లావ్కోగాడు ఊరుకుంటాడా? నలుగురిలో పరువు తీసేస్తాడు. వాళ్లు తిడితే నోరు మూసుకుని నీ వెంట వస్తా.”

“తిట్టకపోతే?”

“ఇంకెప్పుడూ డాక్టరు ఊసెత్తకూడదు.”

మెలిహా సరేనని, పక్కనున్న కాఫీ అంగడిలో కూర్చుంది.

స్లావ్కో, నియాజ్ ఒకే బడిలో చదివారు, ఒకే ఫ్యాక్టరీలో పనిచేశారు. వాళ్లిద్దరి మధ్య ఆట మొదలైందో లేదో జనం స్లావ్కో మీద పడ్డారు.

“ఒరేయ్ స్లావ్కో, అది గుర్రంరా, నీ పెళ్లాం కాదు! అంత భయపడుతూ పట్టుకుంటావేం?”

“వాడికి కళ్లద్దాలు కాదు, కళ్లే మార్చాలి!”

నియాజ్‌ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆయన లోలోపల మురిసిపోయాడు. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఆయన ఒక్క ఆట కూడా ఓడలేదు. తప్పు పట్టడానికి సందు దొరక్క వాళ్ల నోళ్లు పడిపోయాయనుకున్నాడు. కాఫీ అంగడి వైపు తిరిగి, చూశావా అన్నట్టు కళ్లెగరేశాడు.

మళ్లీ ఆటవైపు తిరిగేసరికి ఏనుగు కనిపించింది. తన నల్ల ఏనుగే. అది ఉన్న గడిలోకి ఏనుగు రావడానికి దారే లేదు. ఐమూలగా జరిపితే తప్ప రాదు. జరిపింది ఎవరు? తన చేతులకింకా దాని దుమ్ము అంటుకునే ఉంది.

ఆయన తలెత్తాడు. ఒకడు చెప్పులు చూసుకుంటున్నాడు. ఇంకొకడు ఆకాశంలోకి పొగ వదులుతున్నాడు.

“బాగా ఆడుతున్నారు నియాజ్ గారూ,” అన్నాడు వెనకనుంచి ఒకడు, మెల్లిగా.

ఆ చౌక్‌లో ఆయన్ని ఎవరూ అలా పిలిచిన పాపాన పోలేదు. నియాజ్ ఈసారి కావాలనే గుర్రాన్ని ఎత్తి, నేరుగా నడిపించి, స్లావ్కో మంత్రిని పక్కకు నెట్టి ఆ గడిలో నిలబెట్టాడు. పసిపిల్లాడు కూడా పకపకా నవ్వే ఎత్తది.

ఎవరూ నవ్వలేదు.

“మంచి దెబ్బ కొట్టావురా,” అన్నాడు స్లావ్కో.

నియాజ్ అతని దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు. “తిట్టరా.”

“ఎందుకురా?”

“నీకు దణ్ణం పెడతా, ఒక్కసారి తిట్టు.”

“ఒరేయ్ గాడి...” అని మొదలుపెట్టాడు స్లావ్కో. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“ఎప్పటినుంచిరా?”

“ఎండాకాలం మొదట్నుంచి. నువ్వు ఇక్కడికి రావడం మానేస్తావేమోనని...”

ఆ మాట పూర్తిచేయలేక స్లావ్కో వంగి, తన తెల్ల రాజును రెండు చేతులా పట్టుకుని నేలమీద పడుకోబెట్టాడు. ఆట అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటూ నిలబడటం నియాజ్‌కి నరకంలా ఉంది.

మెలిహా లేచి వచ్చింది. “గెలిచావన్నమాట. ఎవరూ తిట్టలేదా నాన్నా?”

“ఒక్కడూ తిట్టలేదమ్మా,” అన్నాడు నియాజ్. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “పద, డాక్టరు దగ్గరికి పోదాం.”