నీల్ దీవికి ఒక్క టికెట్టు

మా ఆవిడ సుమతి ఒక్కత్తే దీవికి వెళ్లొస్తానంటే నేను అడ్డు చెప్పలేదు. నడుం నొప్పి అని మాత్రం చెప్పాను. వారం తర్వాత మోకాలు అన్నాను. ఆ పై వారం గుండెల్లో అదోలా ఉందన్నాను. మూడింటికీ సుమతి ఒకే మందు చెప్పింది.

"కాసేపు పడుకోండి."

అండమాన్‌లో నీల్ అని చిన్న దీవి. నాలుగు రోజులు. సముద్రం, కొబ్బరిచెట్లు, ఒక కుర్చీ, అందులో తను.

"ఏం చేస్తావక్కడ?" అన్నాను.

"ఏమీ చెయ్యను."

కరోనా వచ్చినప్పట్నించీ, ఏడాదిగా నా ఆఫీసూ, మా అమ్మాయి మనోజ్ఞ కాలేజీ సూరత్‌లో మా అడాజణ్ ఫ్లాట్‌లోనే నడుస్తున్నాయి. రోజుకి రెండు టిఫిన్లు, రెండు భోజనాలు, ఆరు టీలు. ఇందులో అలిసిపోవడానికేముందో నాకు అర్థం కాలేదు. ఆ మాట పైకి అనలేదు. ఒక్కసారే అన్నాను.

దీవికి వెళ్లాలంటే ఆర్టీపీసీఆర్ నెగటివ్ రిపోర్టు ఉండాలి. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునే ల్యాబ్‌వాడి దగ్గర ఫ్యామిలీ ప్యాకేజీ ఉంది. ఇద్దరి ధరకి ముగ్గురికి. నేను హజీరాలో ఒక కంపెనీకి పర్చేజ్ మేనేజరుని. పద్దెనిమిదేళ్లుగా దేన్నీ చెప్పిన ధరకి కొన్నవాణ్ని కాదు.

"నాకొక్కదానికి చాలండీ," అంది సుమతి.

"మూడోది ఫ్రీగా వస్తుంటే వదిలేస్తామా?"

ముగ్గురం వరసగా కూర్చుని ముక్కులు అప్పగించాం.

మర్నాడు పొద్దున్న తొమ్మిదికి క్యాబ్. ఎనిమిదీ నలభైకి నేను బాల్కనీలో ఉండగా రిపోర్టులు నా ఫోన్‌కే వచ్చాయి. సుమతి, నెగటివ్. మనోజ్ఞ, నెగటివ్. త్రివిక్రమరావు, పాజిటివ్.

నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. చల్లగా ఉంది. కింద ఫ్లాట్‌లో పోపు వేస్తున్నారు, ఇంగువ వాసన కూడా తెలుస్తోంది. ఇంత ఆరోగ్యం నాకు ఈ మధ్యకాలంలో లేదు.

"రిపోర్టొచ్చిందా అండీ?" లోపల్నించి సుమతి.

"వస్తోంది."

మళ్లీ చదివాను. నెల్లాళ్లుగా ఈ ప్రయాణం ఎలా ఆపాలా అని చూశాను. ఇప్పుడు ఆపే కాగితం చేతికొచ్చింది. చెప్తే ఆవిడ ఆగిపోతుంది. చెప్పకపోతే విమానం నిండా జనంలో కూర్చుంటుంది.

లోపల స్పీకర్ ఫోన్‌లో లలితమ్మ గారి గొంతు. మా తెలుగు సంఘంలో పెద్దావిడ.

"ఒక్కదానివే ఎందుకే? మీ ఆయనతో ఏమన్నా అయ్యిందా?"

"ఏమీ అవ్వలేదు పిన్నిగారూ."

"ఏమీ అవ్వకపోతే ఎందుకెళ్తున్నావ్?"

నేను మాస్కు పెట్టుకుని బాల్కనీ గుమ్మం దాకా వచ్చి ఆగాను. మనోజ్ఞ సోఫాలోంచి చూసింది.

"నాన్నా, ఘర్‌మా మాస్క్ కేమ్?" ఇంట్లో మాస్కేంటని సూరత్‌లో పుట్టిన పిల్ల గుజరాతీలో అడుగుతోంది.

సుమతి ఫోన్ పెట్టేసి సూట్‌కేస్ జిప్పు లాగుతోంది.

"సుమతీ, నాకు పాజిటివ్ వచ్చింది."

జిప్పు ఆగలేదు. "నడుం, మోకాలు, గుండె. ఇవాళ ఇదా?"

"నిజం."

"నిజమే. జరగండి, క్యాబ్ టైమైంది."

ఫోన్ చేతికివ్వకూడదు కదా. నేల మీద పెట్టి చీపురుతో అటు తోశాను. వంగి చదివింది.

"ఎవరిచేత చేయించారిది? మీ ఆఫీసు కుర్రాళ్లచేతా?"

మనోజ్ఞ లేచి, రిపోర్టు కింద ఉన్న కోడ్‌ని తన ఫోన్‌తో స్కాన్ చేసింది. ల్యాబ్ పేజీ తెరుచుకోడానికి చాలాసేపు పట్టింది. గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

"అమ్మా," అంది. "అసలుదే."

సుమతి సూట్‌కేస్ మీద కూర్చుంది. అదే సమయానికి క్యాబ్‌వాడు ఫోన్ చేశాడు. గేటు దగ్గరున్నాట్ట. ఎత్తి, "దో మినిట్ భయ్యా," అంది.

"నాది నెగటివే కదా?"

"నెగటివే."

"మిమ్మల్నెవరు చేయించుకోమన్నారండీ?"

 నా దగ్గర ధర ఉంది, అది చెప్పలేదు.

"మీరు చేయించుకోకపోతే..."

"తెలిసేదే కాదు," అన్నాను. తర్వాత ఏమైందో, "వెళ్లిపో సుమతీ. నేనెవరికీ చెప్పను," అన్నాను. చెప్పాక నాకే సిగ్గేసింది, కానీ వెనక్కి తీసుకోలేదు.

మనోజ్ఞ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. 

రిపోర్టొచ్చాక చేద్దామని సుమతి విమానం చెక్-ఇన్ అట్టే పెట్టింది. ఇప్పుడు తన ఫోన్‌లో తెరిచింది. పేరు, సీటు. తర్వాత ఒక ప్రశ్న. ఆవిడే పైకి చదివింది. "గత పద్నాలుగు రోజుల్లో కోవిడ్ సోకినవారితో కాంటాక్ట్‌లో ఉన్నారా?"

కింద రెండు గళ్లు. అవును. లేదు.

వేలు "లేదు" మీద ఆగింది. నొక్కలేదు, తియ్యలేదు. క్యాబ్‌వాడు మళ్లీ ఫోన్ చేశాడు. ఫోన్ చేతిలోనే మోగి మోగి ఆగిపోయింది. ప్రశ్న మళ్లీ తెర మీదకొచ్చింది.

"పక్క సీట్లో ఎవరు కూర్చుంటారో," అంది.

మనోజ్ఞ తన ఫోన్ జేబులో పెట్టుకుంది.

"ఎవరికెలా తెలుస్తుందిలెండి," అంది మళ్లీ.

నేను తలూపాను. ఆవిడ నన్ను చూసిన చూపుకి తల మధ్యలో ఆగింది.

"అవును" నొక్కింది.

ఎర్రక్షరాల్లో, చాలా మర్యాదగా, మీరు ప్రయాణం చెయ్యడానికి వీల్లేదని వచ్చింది. సుమతి క్యాబ్‌వాడికి ఫోన్ చేసి వెళ్లిపొమ్మంది. ఊరికే నిలబెట్టినందుకు సారీ కూడా చెప్పింది. నాకు మాత్రం ఒక్కటే చెప్పింది.

"గదిలోకెళ్లండి."

వెళ్లాను. బయట గడియ పడింది. తలుపుకి చెవి పెట్టాను. నీల్‌లో హోటలువాడితో హిందీలో మాట్లాడుతోంది. డబ్బు వెనక్కివ్వక్కర్లేదు, రోజులు మార్చండి చాలు అంటోంది. ఎప్పటికి మార్చాలని వాడడిగుంటాడు.

"తెలీదు," అంది. "ఎప్పుడొస్తానో తెలీదు. ఆ గది మాత్రం నాకే ఉంచండి. నాలుగు కాదు, పది రోజులు."

వాడింకేదో అడిగినట్టున్నాడు.

"ఒక్కదాన్నే."

ఆ తర్వాత బయట చప్పుడు లేదు. ఏడుస్తోందో, కూర్చుందో తెలీలేదు. తొమ్మిదిన్నరయింది, పదయింది. నాకు బాగా ఆకలేసింది.

తలుపు కొట్టలేదు.