నిలబడ్డ సముద్రం

గోవింద్‌కి మొదటిసారి ఫిట్సు వచ్చింది నడిసముద్రంలో, వల లాగుతుండగా. బావమరిది గంగులు నడుం పట్టుకుని ఆపకపోతే ఆ రోజే నీళ్లపాలయ్యేవాడు. శ్రీకాకుళం డాక్టరు మాత్రలు రాసి, ఒక్క పూట కూడా మానొద్దన్నాడు. వేటకి అసలే వెళ్లొద్దన్నాడు. అప్పట్నుంచి కళింగపట్నం ఒడ్డున పడవలకి రంగులేసుకుంటూ ఉండిపోయాడు.

ఒకనాడు మిగిలిన రంగులతో పాత పడవ చెక్క మీద ఏదో గీస్తున్నాడు. చేపలమ్ముకుని వచ్చిన అరుణశ్రీ తట్ట దింపి మొగుడి వెనకాల నిలబడి చూసింది. చెక్క మీద సముద్రం గోడలాగ నిట్టనిలువుగా లేచి ఉంది. దాని వెనకనుంచి వెలుగు తోసుకొస్తోంది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏటి మావా ఇది?"

"పడిపోయే ముందు నాకు కనబడేది ఇదే. రెప్పపాటే ఉంటాది. ఎంత బాగుంటాదో సెప్పలేను."

విజయనగరం కాలేజీలో డ్రాయింగు నేర్పే అనూరాధ మేడం పిల్లల్ని బీచికి తీసుకొచ్చి ఆ చెక్కలు చూసింది. కొన్నాళ్లకి వాటిని తన కాలేజీలోనే ప్రదర్శన పెట్టింది. జబ్బునే బొమ్మ చేసిన మనిషని పేపర్లో రాశారు. అరుణశ్రీ కొత్త చీర కట్టుకుని వెళ్లింది. జనం ఆ బొమ్మల ముందు నిలబడిపోతుంటే గర్వపడింది. అయితే కొత్తగా వేసిన వాటిలో సముద్రం చదునుగా పడుకునే ఉంది. మాత్రలు ఒంటికి పట్టి ఫిట్సు తగ్గిపోయాయి మరి. గోవింద్ కూడా ఆ చివరి చెక్కల దగ్గరే ఆగిపోయాడు.

కొన్ని వారాలకి బొమ్మల్లోకి మళ్లీ వెలుగొచ్చింది. ఎవరూ చెప్పకుండానే అరుణశ్రీకి అర్థమైంది. అడిగితే అతను దాచలేదు.

"మాత్ర ఏసుకుంటే అది రాదే. అది రాకపోతే నేను ఉత్త రంగులోడిని."

గంగులు వచ్చి తిట్టాడు. మేడం ఫోన్ చేసి, మందులు వేసుకోకపోతే ఇంకో బొమ్మ కూడా ముట్టుకోనంది. గోవింద్ అందరి మాటా విని తలూపాడు. మర్నాడు రేవులో పడిపోయి, నోట్లో ఇసకతో దొరికాడు. తెలివి రాగానే నవ్వాడు.

ఆ నవ్వు చూశాకే అరుణశ్రీ మాత్రల్ని పొడిచేసి చేపల పులుసులో కలపడం మొదలుపెట్టింది. ఫిట్సు ఆగిపోయాయి. గోవింద్ ఒళ్లు చేశాడు, బాగా నిద్రపోతున్నాడు. ఇరుగుపొరుగు సంతోషించారు. కానీ బ్రష్ పట్టుకుని చెక్క ముందు ఊరికే కూర్చునేవాడు. సాయంత్రాలు నీళ్లలోకి దిగి నిలబడేవాడు. ముందు మోకాళ్ల లోతు, తరవాత నడుం లోతు. సముద్రం లేస్తుందేమోనని ఎదురుచూస్తున్నట్టు ఉండేది. ఆమె ఒడ్డున కూర్చుని, అతను బయటికొచ్చేదాకా చూసేది.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అతను ముద్ద నోట్లోనే పెట్టుకుని ఆగిపోయాడు. ఆమెవైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అందుకే ఆమె చూపు తిప్పుకుని గరిటె అందుకుంది.

"సేదుగా ఉన్నాది."

"మెంతులు మాడిపోనాయి మావా."

అతను మెతుకు మిగల్చకుండా తిని, కంచం కూడా తనే కడిగి బోర్లించాడు.

మర్నాడు ఆమె బజారునుంచి వచ్చేసరికి పెరట్లో పొగ లేస్తోంది. మూడు ఇటుకలు పేర్చి గోవింద్ అన్నం వండుకుంటున్నాడు. పక్కన గోడకి కొత్త చెక్క ఆనించి ఉంది. దాని మీద నీలం రంగు ఇంకా తడారలేదు.

"ఇకనుంచి నా కూడు నేనే ఒండుకుంటాను," అన్నాడు, పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ.

అరుణశ్రీ చేపలమ్మకం మానేసింది. సాయంత్రం అతను నీళ్లవైపు నడుస్తుంటే నాలుగు బారల వెనక తనూ నడుస్తోంది. అతను వెనక్కి తిరిగి చూడడు. నీళ్లు నడుం దాటాక ఆమె కూడా దిగుతుంది.