వీరమ్మ తెల్లచీర

రామచంద్రపురంలో రైసుమిల్లు గోడని ఆనుకుని వీరమ్మ ఇల్లు. గోడకీ ఇంటికీ మధ్య ఒక కానుగ చెట్టు. తొంభై ఆరు తుఫానుకి కూడా చెక్కుచెదరని చెట్టు. ఆదివారం చర్చికి కట్టే తెల్లచీరంటే వీరమ్మకి ప్రాణం. గంజి పెట్టి ఆ చెట్టు కింద ఆరేసేది. గాలి వీస్తే చాలు, ఆకుల మీది ఊక నుసి రాలి చీరంతా నల్లచుక్కలయ్యేది.

నుసి మిల్లు గొట్టంలోంచి వస్తోందని ఆవిడకి తెలీక కాదు. మిల్లు షావుకారుతో ఎవరు పోట్లాడతారు? చెట్టయితే ఎదురు చెప్పదు.

"ఆ చెట్టు కొట్టించెయ్యండి. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను," అంది భర్తతో.

ఆశీర్వాదం మాస్టారు ఉబ్బసం మనిషి. రిటైరయ్యాక ఆ చెట్టు వైపు కిటికీ దగ్గరే మంచం వేయించుకున్నారు. "నీడ పోతుందే," అన్నారు మెల్లగా. ఆవిడ మొహం చూసి, "సరే, నీ ఇష్టం," అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన గెలిచిన వాదన ఒక్కటీ లేదు.

కట్టెలు కొట్టే ఏసురాజు గొడ్డలితో వచ్చి పొద్దుగూకేలోపు చెట్టు పడగొట్టాడు.

వారం తిరక్కుండానే మంచినీళ్ళ బిందె మీదా, మాస్టారి తలగడ మీదా నుసి పేరుకుంది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే నుసి. ఆయన పడుకోలేక, గోడకి చేరగిలబడి ఎగశ్వాస తీస్తున్నారు. ఇంజెక్షను ఇచ్చిన డాక్టరు, "దుమ్ము తగలనివ్వకండి," అని వెళ్ళాడు.

వీరమ్మ పెరట్లోకొచ్చి, పడి ఉన్న కొమ్మ నుంచి ఒక ఆకు తుంచింది. వేలితో రాస్తే నల్లగా అంటుకుంది. ఇన్నాళ్ళూ తన చీర మీద రాలింది కాస్తే. మిగతాదంతా ఈ ఆకులే పట్టి ఆపాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలనుకుని ఏడ్చింది.

"బాధపడకు. ఇంకో మొక్క వేద్దాం," అన్నారు మాస్టారు కిటికీలోంచి.

"అది కిటికీ ఎత్తుకి ఎదిగేదాకా ఎలాగండీ?"

ఆయన ఏదో చెప్పబోయారు. ఆయాసం చెప్పనివ్వలేదు.

వీరమ్మ పెట్టె తెరిచి తెల్లచీర తీసింది. బకెట్లో ముంచి, మడత మీద కిటికీకి కట్టింది. సాయంత్రానికి చీర నల్లబడింది. మాస్టారు కాసేపు కునుకు తీశారు. ఆవిడ చీర ఉతికి, తడి చీరే మళ్ళీ కట్టింది. తెల్లారి చెట్టు మోడు పక్కనే కానుగ మొక్క నాటింది.

ఆదివారం వీరమ్మ రంగు చీరలో చర్చికి వెళ్ళింది.

"మీ తెల్లచీర ఏదండీ?" అంది పక్కింటి అప్పాయమ్మ.

"చెట్టు చేసే పని ఇప్పుడది చేస్తోందండి," అంది వీరమ్మ.