రెండు సుత్తులు, ఒకే దెబ్బ

పెద్దమ్మ కారుకు యాభై ఎనిమిదేళ్లు. ఆమె దాన్ని నడపడం మొదలుపెట్టి యాభై రెండేళ్లు. ఇన్నేళ్లలో అది ఆమె మాట జవదాటింది లేదు. అలాంటిది పోయిన వారం వంతెన దిగే మలుపులో, స్టీరింగు కుడికి తిప్పితే కాసేపు తన దారిన తాను పోయి, ఆ తర్వాత తీరిగ్గా తిరిగింది. గోడకు జానెడు దూరంలో ఆగింది. పక్కన కూర్చున్న చెల్లెలి కూతురికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె ఆసుపత్రిలో నర్సు. అంత తేలిగ్గా బెదిరే మనిషి కాదు.

"ఇక చాలు పెద్దమ్మా. దీన్ని పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దాం."

"నా మోకాళ్లూ అరిగాయి. నన్ను కూడా తూకానికి వేస్తావా?" అంది పెద్దమ్మ.

దాంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది. కొత్త స్టీరింగు జాయింట్లు నాలుగు తెప్పించి, పొద్దున్నే కారును మేస్త్రి షాపుకు నిదానంగా తోలుకొచ్చారు.

షాపు రెండు గదులు. ముందు గదిలో మేస్త్రి బళ్లు విప్పుతాడు. వెనక గదిలో ఆయన భార్య లేత్ మిషను మీద ఇనుము చెక్కుతుంది. మధ్యలో ఉన్నది వట్టి గుమ్మమే, తలుపు లేదు. అయినా పదకొండు రోజులుగా ఆ గుమ్మం దాటి ఒక్క మాట ఇటు నుంచి అటు పోలేదు. ఏదో బండిలో అరుగుదల ఉందని ఆమె అంటే, "నీ లేత్ నువ్వు చూసుకో, బండి సంగతి నీకెందుకు?" అని వచ్చినవాళ్ల ముందే ఆయన కసిరాడు. చివరికి ఆమె మాటే నిజమైంది. తన మాట తప్పయిందన్న ఉక్రోషం ఆయనది, నలుగురిలో పడ్డ మాట తాలూకు మంట ఆమెది.

మేస్త్రి కారు కింద దూరి, పెద్దమ్మను స్టీరింగు కొంచెం అటూ ఇటూ ఆడించమన్నాడు. నర్సును దగ్గరికి పిలిచి, స్టీరింగు కడ్డీ చక్రానికి కలిసే జాయింటు చూపించాడు.

"చెయ్యి ఇక్కడ పెట్టండమ్మా. చూడకండి, పట్టుకోండంతే."

నాడి చూసి చూసి ఆరితేరిన వేళ్లు ఆమెవి. పైన పెద్దమ్మ చెయ్యి కదిలింది. ఇక్కడ కడ్డీ కదిలింది. చక్రం మాత్రం కదల్లేదు. ఒక చిన్న 'టక్'. ఆ తర్వాతే చక్రం కదిలింది. అరిగిన తుంటి కీలు మీద చెయ్యి వేసినప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది.

"లోపల బంతి, దాన్ని పట్టుకున్న గిన్నె. అంతేనా?"

"అంతే. నిమ్మకాయంత ఉంటుంది. బండీ, బండిలో మనుషులూ దాని చేతిలోనే."

నర్సు చెయ్యి తియ్యలేదు. యాభై ఏళ్లుగా తమ కుటుంబమంతా ఈ నిమ్మకాయల మీద తిరిగిందని ఆమెకు అప్పుడే తెలిసింది.

పిన్ను లాగి, నట్టు విప్పడం చిటికెలో అయిపోయింది. బంతి కింది కాడ మాత్రం చక్రం వైపున్న ఉక్కు కన్నులో, అంటే అది దిగే రంధ్రంలో, బిగుసుకుపోయి ఉంది. ఊడలాగే పుల్లర్ పెట్టి బిగిస్తే పుల్లర్ మూలిగింది గానీ కాడ ఉలకలేదు, పలకలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది.

"మంట పెట్టకూడదా?" అంది పెద్దమ్మ.

"పెడితే ఉక్కు గుణం పోతుంది. ఇంకో దారి ఉంది." ఆయన రెండు పిడికిళ్లూ ఎదురెదురుగా పెట్టి చూపించాడు. "కన్నుకు అటొక సుత్తి, ఇటొక సుత్తి. రెండు దెబ్బలూ ఒకేసారి పడాలి. అప్పుడు కన్ను ఒక్క లిప్త నొక్కుకుని కాడను ఉమ్మేస్తుంది. ముందూ వెనకా అయ్యాయా, పని చెడుతుంది." గుమ్మం వైపు చూడకుండానే, "లోపలావిడను పెద్ద సుత్తి తెమ్మని చెప్పండి," అన్నాడు.

"నీకు నోరు లేదా?" అంది పెద్దమ్మ.

"ఉంది. సెలవు మీద ఉంది."

లోపల లేత్ ఆగింది. ఎవరూ పిలవకముందే ఆమె సుత్తితో గుమ్మంలో నిలబడి ఉంది. పొట్టి మనిషి. జుట్టులో ఇనప రజను తళుక్కుమంటోంది. "ఆయన్ని కాలు పక్కకు తియ్యమనండి," అంది పెద్దమ్మతో.

ఇద్దరూ చక్రం దగ్గర చెరో పక్కన గొంతుక్కూర్చున్నారు. ఒకటి, రెండు, మూడు అంటారేమోనని నర్సు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కూడా. రెండు చేతులూ లేచాయి.

ఒకే చప్పుడు.

నర్సు చెవులు రిక్కించింది. మళ్లీ రెండు సుత్తులు, మళ్లీ ఒకే చప్పుడు. మూడో దెబ్బకు కాడ ఊడి, కడ్డీ టంగుమని నేలకు తగిలింది. ఆపరేషన్ గదిలో, అడగకముందే డాక్టరు చేతిలో కత్తి పెట్టే పనిమంతుల్ని నర్సు చూసింది. కానీ వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే మనుషులు.

మిగిలిన మూడూ అలాగే ఊడాయి. ఒక్కసారి కూడా చప్పుడు రెండుగా వినిపించలేదు.

ఆఖరిది పడ్డాక మేస్త్రి భార్య మణికట్టు నిమురుకుంది. ఆయన చూశాడు.

"నొప్పా?"

"నీకు లేదా?"

పెద్దమ్మకు గోడ మీది క్యాలెండరులో ఉన్నట్టుండి బోలెడంత ఆసక్తి పుట్టుకొచ్చింది.

పాత జాయింటు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని సరిగ్గా అన్ని చుట్లే ఎక్కించాడు మేస్త్రి. ఎక్కడెక్కడ ఆనుతోందో తెలిసేలా కొత్త కాడకు ఆమె నీలం రంగు పూసి, కన్నులో దించి తిప్పి, బయటికి తీసి వెలుతురులో చూసింది. ఆయన పానా పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చుందా?" అని అడిగాడు. బండి సంగతి, నలుగురి ముందు, ఆమెనే.

ఆమె కాడను ఇంకోసారి చుట్టూ తిప్పి చూసింది. "అంతటా ఆనింది. బిగించు."

నాలుగూ బిగించి కొత్త పిన్నులు వేశాక, చక్రాల పక్కన దారాలు కట్టి, వంకర లేదని తేలేదాకా ఇద్దరూ నేల మీద పాకారు.

ఎలా ఉందో చూడాలంటూ మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెనక సీట్లో ఎక్కారు. రైలు పట్టాల వెంబడి పోయే తిన్నని రోడ్డు మీద పెద్దమ్మ వేగం పెంచింది. గుంట వచ్చినా కారు పక్కకు లాగలేదు. వేలు కదిపితే కదిపినంతే తిరిగింది.

"పెద్దమ్మా, ఏమైంది? మాట్లాడవేం?"

"ఉండవే," అంది పెద్దమ్మ చిన్న గొంతుతో. "ఇది నేను అనుకుంటే చాలు, తిరుగుతోంది."

మేస్త్రి భార్య కళ్లు మూసుకుని, కాలి కింది నేల మీద అరచెయ్యి ఆనించింది. ఆయనా ఆనించాడు. ఇద్దరూ కిందినుంచి ఏదో వింటున్నారు. నర్సు కూడా వంగి చెయ్యి పెట్టింది. ఎక్కడా టక్కుమనలేదు.

షాపుకు తిరగాల్సిన కూడలి వచ్చింది. పెద్దమ్మ నేరుగా పోనిచ్చింది. వెనక ఇద్దరి అరచేతులూ పక్కపక్కనే, ఇంకా నేల మీదే ఉన్నాయి.