ముందుమీరు మాస్టారు

మా టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టారికి మేం పెట్టిన పేరు ‘ముందుమీరు’. సాయంత్రం తలుపు తెరిచి పట్టుకుని, ఆడవాళ్లందరం దాటేదాకా ఆయన అడుగు వేసేవారు కాదు. “ఏం మాస్టారూ, పెళ్లివారిని సాగనంపుతున్నారా?” అని ఏడిపించేవాళ్లం. అందులో నోటిదురుసు నాకే ఎక్కువ. ఆయన ఇంకాస్త వంగి, “ముందు మీరు,” అనేవారు.

ఆ తలుపుకి స్ప్రింగు ఉండేది. వదిలితే దానంతటదే మూసుకుని లాక్ పడిపోయేది. బాగుచేయించమని ఎంత మొత్తుకున్నా యజమాని చెవిన పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గర మంటలు లేచాయి. మాస్టారు ఆ తలుపుని భుజంతో ఆపి నిలబడ్డారు. పదకొండుమందిమి బయటపడ్డాం. చివరిదాన్ని నేను. గడప దాటుతూ వెనక్కి చూస్తే, పొగలో కిటికీ పక్కన పొడుగు కోటుతో ఒకామె నిలబడి ఉంది.

“మాస్టారూ, ఇంకో ఆవిడ ఉంది!” అని అరిచి వీధిలోకి పరిగెత్తాను.

“రండమ్మా, ముందు మీరు,” అని ఆయన లోపలికి కేకేయడం వినిపించింది. రెండోసారి కూడా వినిపించింది. అంతలో పైకప్పు కూలింది.

వీధిలో తలలు లెక్కపెడితే మాస్టారు తప్ప అందరం ఉన్నాం. ఆ కోటు నేను కుట్టిందే. కాలర్ ఎలా కూర్చుందో చూద్దామని పొద్దున కిటికీ పక్కనున్న నిలువెత్తు బొమ్మకి తొడిగి మర్చిపోయాను.

ఆయన పోయాక పతకం ఇచ్చారు. దానిమీద సాహసమని చెక్కారు. ఆయన రోజూ చేసే మర్యాదే ఆ రోజూ చేశారని మాకు తెలుసు. ఏడాదిగా నేను కొత్త షాపులో బొమ్మలకి వీపు తిప్పి కూర్చోలేకపోతున్నాను. మిషను ఆపితే చాలు, “రండమ్మా” అని వినిపిస్తుంది. ఆ ‘ఆవిడ’ బొమ్మేనని భయంతో ఎవరికీ చెప్పలేదు.

నిన్న మాస్టారి భార్య మా కొత్త షాపుకి వచ్చింది.

“ఆయన చివర్లో ఎవర్నో పిలిచారటగా. ఆవిడెవరో చూపించమ్మా. ఒక్కసారి కళ్లారా చూసి పోతాను.”

అబద్ధమాడాలంటే ఎవర్నైనా చూపించొచ్చు, పక్కనే పదిమంది ఆడవాళ్లున్నారు. మనసొప్పలేదు. ఆమె చెయ్యి పట్టుకుని మూలనున్న బొమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

“ఇలాంటిదేనక్కా. మనిషనుకుని నేనే చెప్పాను.”

ఆమె చాలాసేపు దాన్నే చూసింది. దాని కాలర్ సరిచేసింది. తిట్టినా బాగుండేది. నెమ్మదిగా నడిచి, వీధి తలుపు తెరిచి పట్టుకుంది.

“ముందు మీరు,” అంది నాతో.

నా కాళ్లు కదల్లేదు. ఆమె తలుపు వదల్లేదు.