మా అత్త మోకాళ్లు, ఆమె బావ

మా అత్త గోపమ్మతో వేగడం కంటే పొట్టేలుకు ఓనమాలు నేర్పడం సులువు.

ఎండాకాలంలో ఆమెను కోస్గి దవాఖానకు నేనే తీసుకుపోయాను. అప్పుడు నాకు నాలుగో నెల. నా మొగుడు మైసయ్య నాగార్జునసాగర్ కట్ట పనికి పోయి ఉన్నాడు. డాక్టరు ఆమె వాచిన మోకాళ్లు వంచి, చాపి చూశాడు.

"కీలులో ఎముకల నడుమ ఉండే మెత్త అరిగింది. కింద గొంతుకూసునుడు బందు వెట్టాలె. ఎత్తు మీద కూసోవాలె. మోకాలు కింద బట్ట చుట్ట పెట్టి రోజూ కిందికి అదమాలె. లేకుంటే కాళ్లు వంకరనే ఉండిపోతయ్."

అత్త అడిగింది ఒక్కటే. "కాళ్లు సాపి పసిపిల్లకు నీళ్లు పోస్తనా సారూ?"

నాకు తల్లి లేదు. నా బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోయాలన్నదే ఆమె ఆశ. తాను చెప్పినట్టు చేస్తే పోస్తావన్నాడు డాక్టరు.

అత్త ఆశకు కరిగి, వడ్లాయనతో ఎత్తు పీట చేయించాను. ఉప్పు మూటతో కాపడం పెట్టాను. అంతా బాగానే ఉండేది, పెద్దమామ గుర్వయ్య ఇంట్లోకి వచ్చేదాకా. ఆయన మా మామకు అన్న. మామ పోయాక ఇంటికి పెద్ద దిక్కు. కాపురానికి వచ్చిన నాటి నుంచి అత్త ఆ బావ ముందు ఎత్తు మీద కూర్చోలేదు, ఆయనతో మాట్లాడలేదు. ఆయన గడపలో కాలు పెడితే చాలు, పీట దిగి తలుపు చాటున గొంతుకూర్చునేది. ఆయన పోయాక గోడ పట్టుకుని మూలుగుతూ లేచేది. ఆయనేమో తంబాకుకని ఒకసారి, నీళ్లకని ఒకసారి, గొర్రె ఈనిందని చెప్పడానికి ఇంకోసారి వచ్చేవాడు.

"అత్తా, మోకాళ్లు నీయా, ఆయనయా?"

"బావ ముంగట పీటెక్కి కూసుంటే నలుగురు ఏమంటరే?"

"గా నలుగురొచ్చి నీ కాళ్లు పిసుకుతరా?"

గోడకు చెప్పినా ఈపాటికి వినేది.

చివరికి తల నిండా కొంగు కప్పుకుని పెద్దమామనే అడిగాను. కోడలు నోరు తెరిచేసరికి ఆయన బిత్తరపోయాడు.

"నేనేమన్న పీట దిగమన్ననా బిడ్డా?"

"కూసొమ్మని ఒక్కమాట చెప్పున్రి మామా."

"తమ్ముని పెండ్లాంతోని నేనెట్ల మాట్లాడాలె? సరే, ఇగ దగ్గుకుంట వస్త. ఆమె సర్దుకుంటది."

మరునాటి నుంచి వీధి మొదట్లోనే దగ్గడం మొదలుపెట్టాడు. అత్త ఆ దగ్గు వినగానే పీట దిగేది. అంతకుముందు ఆయన ఇంట్లోకి వస్తేనే దిగేది, ఇప్పుడు వీధిలో పోతున్నా దిగుతోంది. పెనం మీంచి పొయ్యిలో పడ్డాం. ఇద్దరూ మంచివాళ్లే. ఆ మంచితనమే నా ప్రాణం తీసింది.

ఆయన మందతో పోయాక రోజూ పట్టుబట్టి అత్త చేత కాళ్లు అదిమించాను. ఎడమకాలు సాపుగా వచ్చింది. కుడికాలు కొంచెం వంకరగానే ఆగింది.

దసరా ముందు ఆడపిల్ల పుట్టింది. పురుడయ్యాక అత్తను మెల్లగా పట్టుకుని వాకిట్లో నేల మీద కూర్చోబెట్టాను. కాళ్లు చాపుకుని బిడ్డను పడుకోబెట్టుకుంది. కుడికాలు ఎత్తుగా ఉండి బిడ్డ ఒక పక్కకు ఒరిగింది. అత్త ఒక చేత్తో ఆపుకుంటూ సున్నిపిండి రుద్దుతుంటే వీధిలో దగ్గు వినిపించింది.

అత్త మోకాళ్లు ముడుచుకున్నాయి. బిడ్డ జారింది. నేను చప్పున వంగి పట్టుకున్నాను. అత్త చేతులు నేలకు ఆనించి లేవబోతోంది.

గుమ్మంలో పెద్దమామ చూశాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"కూసో గోపమ్మా," అన్నాడు. "లెవ్వకు."

అత్త అలాగే కూలబడింది. మెల్లగా మళ్లీ కాళ్లు చాపింది. బిడ్డను ఆ కాళ్ల మీద పెట్టాను.

"బావ కూసొమ్మన్నడే," అని నాతో గుసగుసగా అని కళ్లు తుడుచుకుంది.

నేనూ ఏడ్చాను, కోపంతో. ఆ మాటేదో ఎండాకాలంలోనే అనుంటే ఆ కుడికాలు కూడా సాపుగా వచ్చేది.